పెట్టే చేయి, పుచ్చుకునే చేయి: మారిన లోకంలో మన విదేశీ సహాయం

(షోలాపూర్‌లో కార్మికుల అధ్యయన సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండో పాళీ వాళ్ళు పనికి పోయే ముందు రావాలని సభ తొందరగా మొదలుపెట్టాం. మొదటి పాళీ దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చి కూర్చున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని ఉపోద్ఘాతాలు పెంచకుండా విషయంలోకి వస్తాం.

ఈ సభ పెట్టడానికి కారణం గేటు దగ్గర వచ్చిన ఒక ప్రశ్న. పేపర్లో మన ప్రభుత్వం పక్క దేశానికి ఇన్ని వందల కోట్లు సహాయం ప్రకటించిందని వార్త వచ్చింది. అది చదివి వినిపిస్తుంటే ఒక బదిలీ కార్మికుడు అడ్డం తగిలాడు. "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట. మన మిల్లులకు తాళాలు పడుతుంటే, మన ఆడవాళ్ళు రాత్రి దాకా బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొస్తుంటే, ఎవరికో సహాయమేమిటి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నారు. మేమూ ఆ పూట జవాబు చెప్పలేకపోయాం.

అది తప్పు ప్రశ్న కాదు. పగారు చాలని మనిషి అడగవలసిన ప్రశ్నే. దాన్ని తోసిపుచ్చకుండా, మొదటి నుంచీ ఒక వరుసలో పెట్టి చూద్దాం. మన దేశం ఒకప్పుడు పుచ్చుకుంది. ఇప్పుడు పెడుతోంది. పుచ్చుకున్ననాడు మనకు తగిలిన దెబ్బలేమిటి? పెట్టేనాడు అవి మనకు గుర్తున్నాయా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితే గేటు దగ్గరి ప్రశ్నకు కూడా దొరుకుతుంది.

ఎర్ర గోధుమల కాలం

మనలో ముసలివాళ్ళకు రేషను షాపుల్లో పోసిన ఎర్ర గోధుమలు గుర్తుండే ఉంటాయి. అన్నం తినే మన ఇళ్ళల్లో ఆ పిండితో రొట్టె చేయడం రాక మన అమ్మలు తిప్పలు పడ్డారు. ఆ గోధుమలు అమెరికా నుంచి వచ్చినవి. 1954లో అమెరికా ఒక చట్టం చేసింది. దాని నంబరు 480. అందుకే దాన్ని పి.ఎల్. 480 అన్నారు. వాళ్ళ దేశంలో మిగిలిపోయిన ధాన్యాన్ని డాలర్లు లేని దేశాలకు ఆ దేశపు డబ్బుకే అమ్మడం ఆ చట్టం పద్ధతి. మన ప్రభుత్వం 1956లో ఒప్పందం మీద సంతకం చేసింది. గోధుమలకు రూపాయలు కట్టాం. ఆ రూపాయలు ఇక్కడే అమెరికా ఖాతాలో పోగుపడుతూ వచ్చాయి.

కిరాణా షాపులో ఉద్దెర ఖాతా మనందరికీ ఉంది. ఖాతా నడిచినన్నాళ్ళు సేటు మంచివాడే. నెల కట్టలేనినాడు అతని మాట మారుతుంది. దేశానికి కూడా అంతే జరిగింది. 1965-66లో వానలు లేవు, ఆ మరుసటి ఏడూ లేవు. 1966లో దాదాపు కోటి టన్నుల ధాన్యం బయటినుంచి తెచ్చుకోవలసి వచ్చింది. దానిలో ఎక్కువ భాగం అమెరికాదే. అప్పుడు అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఏడాదికి సరిపడా ఒకేసారి మంజూరు చేయకుండా, నెలనెలా కొంత చొప్పున ఓడలను వదిలాడు. వ్యవసాయ విధానం తాము చెప్పినట్టు మార్చుకోవాలన్నది ఒక కారణం. వియత్నాం మీద బాంబులు వేయడాన్ని మన ప్రభుత్వం తప్పు పట్టిందన్న కోపం ఇంకొక కారణం. అంతకు ముందే లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికి ఒక పూట భోజనం మానుకోమని దేశాన్ని కోరారు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. అంతకు ముందు డాలరుకు 4 రూపాయల 76 పైసలు ఉండేది, ఆ రోజుతో 7 రూపాయల 50 పైసలయింది. సహాయం చేసే దేశాలు, ప్రపంచ బ్యాంకు పెట్టిన ఒత్తిడి దాని వెనుక ఉంది.

ఇందులో రెండు నిజాలున్నాయి, రెండూ ఒప్పుకోవాలి. ఆ గోధుమలు రాకపోతే ఎందరో చనిపోయేవారు. ఇది మొదటి నిజం. తిండి ఇచ్చిన చేతిలోనే తాడు కూడా ఉంది. ఇది రెండోది.

ఆ తాడు ఎలా తెగింది? అడుక్కోవడం వల్ల కాదు. 1966లోనే మన దేశం మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం కొని తెచ్చి రైతులకు ఇచ్చింది. వ్యవసాయ మంత్రి సి. సుబ్రహ్మణ్యంగారు, మన శాస్త్రవేత్తలు పట్టుబట్టి చేసిన పని అది. ఆ విత్తనం తయారు కావడం వెనుక విదేశీ శాస్త్రవేత్తల శ్రమ కూడా ఉంది. తినే గింజ ఒక పూట ఆకలి తీర్చింది. నాటే గింజ ఓడ కోసం ఎదురుచూసే అవసరాన్నే తీర్చింది. పోగుపడిన రూపాయల ఖాతా లెక్క 1974లో తేలింది. దానిలో పెద్ద భాగాన్ని అమెరికా వదులుకొని, 1,664 కోట్ల రూపాయల చెక్కు మన ప్రభుత్వానికి రాసిచ్చింది.

అన్ని సహాయాలూ ఒకటి కావు

ఇంకొక రకం సహాయం కూడా చూశాం. 1955లో సోవియట్ యూనియన్‌తో భిలాయి ఉక్కు కర్మాగారం ఒప్పందం జరిగింది. వడ్డీ నూటికి రెండున్నర. వాయిదాలు 12 ఏళ్ళు. మన ఇంజనీర్లకు, కార్మికులకు పని నేర్పారు. బొకారో విషయంలో ముందు అమెరికాను అడిగాం. ప్రభుత్వ రంగంలో కర్మాగారానికి డబ్బిచ్చేది లేదని వాళ్ళ పార్లమెంటులో గొడవ అయింది. 1963లో మన ప్రభుత్వమే ఆ కోరికను వెనక్కి తీసుకుంది. 1965లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. మన తెలుగువాళ్ళు ప్రాణాలిచ్చి సాధించుకున్న విశాఖ ఉక్కుకు కూడా 1979లో సోవియట్ ఒప్పందం తోడయింది. వాళ్ళు ధర్మాత్ములని మేము అనడం లేదు. వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. కానీ మనం ఏమడిగామో అదే ఇచ్చారు. ఇచ్చినది ఇక్కడే నిలిచింది, ఇక్కడివాళ్ళకు పనిచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఒకటుంది. 1980లలో బ్రిటన్ మనకు వెస్ట్‌లాండ్ అనే కంపెనీ హెలికాప్టర్లు 21 ఇచ్చింది. 6 కోట్ల 50 లక్షల పౌండ్ల సహాయం అన్నారు. నిజానికి ఆ సహాయం వాళ్ళ కంపెనీకి. ఆర్డర్లు లేక ఆ కంపెనీ చిక్కుల్లో ఉంది. తీసుకోవడానికి మన అధికారులు సుముఖంగా లేకపోయినా ఆ డబ్బుతో అవే కొనాలన్నది షరతు. ప్రమాదాలు జరిగాయి, 1991లో వాటిని ఎగరనివ్వకుండా ఆపేశారు. చివరికి సుమారు 9 లక్షల పౌండ్లకు పాత సామానుగా అమ్మేశారు. సాయం చేశామని వాళ్ళ లెక్కల్లో ఉంది. షెడ్డులో తుప్పు పట్టిన ఇనుము మన లెక్కల్లో మిగిలింది.

ఇలాంటివి బయటపడ్డాక బ్రిటన్‌లోనే ప్రశ్నలు లేచాయి. మలేసియాలో పెర్గావు అనే ఆనకట్టకు ఇచ్చిన సహాయం ఆయుధాల అమ్మకంతో ముడిపడిందని తేలి, 1994లో లండన్ హైకోర్టు ఆ సహాయం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తర్వాత బ్రిటన్ తన విధానం మార్చుకుంది. 1997లో సహాయానికి వేరే మంత్రిత్వ శాఖ పెట్టింది. మా సరుకే కొనాలనే షరతును 2001 నుంచి తీసేసింది. పేదరికం తగ్గించడానికే సహాయం ఇవ్వాలని 2002లో చట్టం చేసింది. ప్రశ్నించేవాళ్ళు ఉంటే విధానం మారుతుందని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

అయితే సరుకు షరతు పోయినంత మాత్రాన అన్ని షరతులూ పోలేదు. 1998 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచ బ్యాంకు రుణంతో, బ్రిటన్ సహాయంతో ప్రభుత్వ రంగ సంస్థల సంస్కరణ నడిచింది. మూయవలసినవి, అమ్మవలసినవి జాబితాలు వేశారు. ఆ జాబితాల్లో సహకార చక్కెర ఫ్యాక్టరీలున్నాయి, సహకార నూలు మిల్లులున్నాయి. మన బంధువులు కొందరు ఆ మిల్లుల్లో పనిచేసినవాళ్ళే. నష్టాల్లో ఉన్న మాట నిజం. కానీ బాగుచేయడానికా, తాళం వేయడానికా సహాయం రావలసింది? సలహాదారులకు వేరే దేశం జీతమిస్తే, పోయిన ఉద్యోగాలకు జవాబు చెప్పేది ఎవరు? విదేశీ సహాయం మన గడప దాకా రాదనుకోవద్దు. ఆ జాబితాల రూపంలో అది అప్పుడే వచ్చింది.

2003లో తిరిగిన మలుపు

2003 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్ కొత్త విధానం ప్రకటించారు. చిన్న చిన్న మొత్తాలిచ్చే దేశాల నుంచి ప్రభుత్వం ఇక నేరుగా సహాయం తీసుకోదన్నారు. జపాను, బ్రిటన్, జర్మనీ, అమెరికా, రష్యా, యూరోపియన్ కమిషన్ వంటి కొందరితోనే కొనసాగిస్తామన్నారు. అప్పుల్లో మునిగిన ఏడు పేద దేశాలు మనకివ్వవలసిన బాకీలు రద్దు చేశారు. వాటిలో టాంజానియా, జాంబియా, మొజాంబిక్ ఉన్నాయి. పుచ్చుకునే వరుసలోంచి లేచి పెట్టే వరుసలోకి పోతున్నామని ప్రపంచానికి చెప్పడమే దీని అర్థం. మరుసటి ఏడు ఆ నిబంధనలు కొంత సడలించారు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మన తమిళనాడు, ఆంధ్ర తీరాలు, అండమాన్ దీవులు దెబ్బతిన్నాయి. ప్రభుత్వం విదేశీ ప్రభుత్వాల సహాయం వద్దంది. పైగా మన నౌకాదళం ఓడలను శ్రీలంకకు, మాల్దీవులకు, ఇండొనేషియాకు పంపింది. అప్పుడు మనమందరం గర్వపడ్డాం. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ ప్రణాళికలో ఇంకొక మాట రాశారు. మనం అడగం గానీ, ఎవరైనా మంచి మనసుతో ఇస్తామంటే తీసుకోవచ్చు అన్నారు. 2018లో కేరళను వరదలు ముంచెత్తాయి. విదేశీ ప్రభుత్వాలు ముందుకొస్తే వద్దన్నారు. 2021 వేసవిలో కోవిడ్ రెండో కెరటంలో ఆక్సిజన్ అందక మనుషులు ఆసుపత్రి గుమ్మాల్లో చనిపోతుంటే, 40కి పైగా దేశాలనుంచి వచ్చిన ఆక్సిజన్ యంత్రాలు, సిలిండర్లు, మందులు తీసుకున్నారు.

తీసుకోవడం తప్పా? కాదు. ప్రాణం ముందు, పరువు తర్వాత. కానీ ఒకసారి వద్దు, ఒకసారి కావాలి అన్నప్పుడు నియమమేమిటో ప్రజలకు తెలియాలి. మన ఇంట్లో పెళ్ళికి చేబదులు వద్దంటాం, ప్రాణం మీదికొస్తే ఎవరిచ్చినా పుచ్చుకుంటాం. ఆ మాత్రం నియమం దేశం కూడా బాహాటంగా చెప్పుకోవచ్చు. అభిమానం కోసం బాధితుడి నోటి దగ్గరి ముద్ద కాదనే హక్కు ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకు లేదు.

ఇప్పుడు పెట్టేది ఎంత?

గేటు దగ్గరి ప్రశ్నకు వద్దాం. ఎంత ఇస్తున్నాం? 2025-26 బడ్జెట్‌లో విదేశాంగ శాఖ కింద ఇతర దేశాల సహాయానికి పెట్టినది 5,483 కోట్ల రూపాయలు. అందులో భూటాన్‌కే 2,150 కోట్లు. వినడానికి పెద్ద అంకె. కానీ ఆ ఏటి మొత్తం బడ్జెట్ 50 లక్షల 65 వేల కోట్లు. అంటే ప్రభుత్వం ఖర్చుపెట్టే వంద రూపాయల్లో సుమారు 11 పైసలు. మన మిల్లులు మూతపడింది ఈ 11 పైసల వల్ల కాదు. పాత యంత్రాలు మార్చకపోవడం వల్ల, మిల్లు కంటే మిల్లు కింది భూమికి ధర ఎక్కువ పలకడం వల్ల, పని చిన్న షెడ్లకు మళ్ళించడం వల్ల మూతపడ్డాయి. కోపం ఉండాలి. అది సరైన చోట ఉండాలి.

ఈ పెట్టడం కొత్తదీ కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది ఏళ్ళకే, మనమే చేయి చాస్తున్న రోజుల్లోనే, నేపాల్‌లో రోడ్లు వేశాం. 1961లో మొదలైన భూటాన్ మొదటి పంచవర్ష ప్రణాళిక ఖర్చంతా మనదే. 1964 నుంచి ఐటెక్ అనే కార్యక్రమం కింద ఆసియా, ఆఫ్రికా దేశాల యువకులను ఇక్కడికి పిలిచి పని నేర్పి పంపుతున్నాం. భూటాన్‌లో చుఖా జల విద్యుత్ కేంద్రానికి నూటికి 60 వంతులు గ్రాంటు, 40 వంతులు అప్పు ఇచ్చాం. 336 మెగావాట్లు. వాళ్ళకు వాడుకోగా మిగిలిన కరెంటు మనమే కొంటున్నాం. ఆ దేశానికి ఆదాయం, మనకు కరెంటు. ఇద్దరికీ కడుపు నిండే సహాయమంటే ఇది.

అప్పు రూపంలో ఇచ్చేది దీనికి వేరు, దీనికంటే చాలా పెద్దది. ముంబైలో కేంద్ర కార్యాలయం ఉన్న ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా 60కి పైగా దేశాలకు తక్కువ వడ్డీ అప్పులు మంజూరయ్యాయి. 2003-04 తర్వాత ఇవి బాగా పెరిగాయి. వీటికొక షరతు ఉంది. మామూలుగా ఆ డబ్బులో నూటికి 75 వంతుల సరుకు, సేవలు మన దేశం నుంచే కొనాలి.

ఇక్కడ మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఇది వినగానే మనలో కొందరి ముఖాలు వెలిగాయి. సహజమే. కోయంబత్తూరులో నూలు యంత్రాలు తయారవుతాయి. ఆఫ్రికాలో ఒక మిల్లుకు ఆ యంత్రాలు పోతే ఇక్కడి కార్మికుడికి పని దొరుకుతుంది. ఆ పని వద్దని కార్మిక సంఘం చెప్పదు. కానీ వెస్ట్‌లాండ్ హెలికాప్టర్లను కూడా ఇదే మాట చెప్పి మనకు అంటగట్టారు. ఆ రోజు అక్కడి కార్మికులకు పని దొరికింది, ఇక్కడ ఇనుము తుప్పుపట్టింది. ఈ రోజు మన కంపెనీ ఏదైనా నాసిరకం యంత్రం అంటగడితే, అప్పు కట్టేది ఆ దేశపు రైతు, కూలీ. ఇథియోపియాలో చక్కెర ఫ్యాక్టరీలకు మన దేశం 64 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. టెండాహో అనే చోట ఫ్యాక్టరీ పని ఏళ్ళ తరబడి సాగింది. ఫ్యాక్టరీ తిరగకపోయినా వాయిదా ఆగదు. పేకకు నూలు అందక మగ్గం ఆగినా బాకీ ఆగదని మనకు ఒకరు చెప్పాలా?

ప్రభుత్వం కొంత మార్చుకుంది. 2012లో విదేశాంగ శాఖలో ఈ పనులు చూడడానికి వేరే విభాగం పెట్టారు. 2015లో అప్పుల నియమాలు సవరించి, ఎగ్జిమ్ బ్యాంకు ముందుగా అర్హత చూసిన కంపెనీలే టెండర్లు వేయాలన్నారు. మంచిదే. ఇది చాలదు.

లోకం మారింది

మనకు పెట్టిన దేశాలే ఇప్పుడు చేతులు ముడుచుకుంటున్నాయి. 2015లో బ్రిటన్ తన జాతీయాదాయంలో నూటికి 0.7 వంతు సహాయానికి ఇవ్వాలని చట్టం చేసుకుంది. 2021లో దాన్ని 0.5కు తగ్గించింది. 2027 నాటికి 0.3కు దించుతామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. 1997లో పెట్టిన ఆ వేరే మంత్రిత్వ శాఖను 2020లోనే విదేశాంగ శాఖలో కలిపేసింది. అమెరికా 1961లో పెట్టిన యుఎస్ ఎయిడ్ సంస్థను 2025 జనవరిలో స్తంభింపజేసి, జూలై 1తో మూసేసింది. మందు కోసం, పసిపిల్లల తిండి కోసం దాని మీద ఆధారపడిన క్లినిక్కులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ముందు చెప్పకుండా మిల్లు గేటుకు నోటీసు అంటించడం ఎలా ఉంటుందో మనకు తెలుసు. వాళ్ళకు కూడా అలాగే జరిగింది.

వాళ్ళను వేలెత్తి చూపే ముందు మన సంగతి కూడా చెప్పుకుందాం. 2021 జనవరి 20న మన దేశం టీకాలు ఇతర దేశాలకు పంపడం మొదలుపెట్టింది. మొదట భూటాన్‌కు, మాల్దీవులకు పోయాయి. వసంతానికి ఇక్కడ రోగం విజృంభించింది, ఎగుమతి ఆగింది. ఆ ఏడు చివరికి గానీ తిరిగి మొదలవలేదు. మన టీకాల మీదే ఆశ పెట్టుకున్న ఆఫ్రికా దేశాలు నెలల తరబడి ఎదురుచూశాయి. మన ఇంట్లో చావులు జరుగుతుంటే బయటికి పంపలేమన్నది అర్థమయ్యే మాటే. కానీ చేయగలిగినంతే మాటివ్వాలి, ఇచ్చిన మాట కోసం ముందే సరుకు కూడబెట్టాలి అన్నది దాని గుణపాఠం.

ఇంకొక సంగతి. 2001లో ముంబైకి చెందిన సిప్లా కంపెనీ ఎయిడ్స్ మందును ఒక రోగికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ఒక వైద్యుల స్వచ్ఛంద సంస్థకు చెప్పింది. అప్పటిదాకా పెద్ద కంపెనీల మందు 10,000 డాలర్ల పైమాట. ఆ తర్వాత వచ్చిన చౌక మందులతో ఆఫ్రికాలో లక్షలాది మంది బతికారు. మనం ఇచ్చిన గ్రాంటులన్నీ ఒక ఎత్తు, చౌకగా మంచి సరుకు తయారుచేసిన మన కార్మికుల చేతులు ఒక ఎత్తు.

పత్తి, చొక్కా, మనం

మన పనికి దగ్గరి విషయాలు రెండు చెప్పి ముగింపుకు వస్తాం.

పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్, బుర్కినాఫాసో, మాలి, వాటి పక్కన చాద్ పత్తి మీద బతికే దేశాలు. 2003లో ఈ నాలుగూ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. అమెరికా తన పత్తి రైతులకు పెద్ద ఎత్తున సబ్సిడీలిచ్చి ప్రపంచంలో ధర పడగొడుతోందన్నాయి. ఒక చేత్తో సహాయం, ఇంకో చేత్తో ధర దెబ్బ. మన దేశం 2012 నుంచి ఆ నాలుగు దేశాలకూ, నైజీరియా, ఉగాండా, మలావీలకూ పత్తి సాగులో, జిన్నింగులో, వడకడంలో సాంకేతిక సహాయం చేసింది. పత్తి అంటే మనకు తెలుసు, తెలిసిన పని నేర్పాం. ఇదీ నాటే గింజ లాంటి సహాయమే.

రెండోది చొక్కా. 2011లో మన దేశం బంగ్లాదేశ్ సరుకుల మీద, పొగాకు, మద్యం వంటి 25 రకాలు మినహా, సుంకం ఎత్తేసింది. ఆ దేశపు చొక్కాలు మన బజార్లకు వచ్చాయి. మన భివండిలో, షోలాపూర్‌లో సాంచాలు నడిపేవాళ్ళు, బట్ట కుట్టేవాళ్ళు గొణిగారు. 2025 మేలో, రెండు ప్రభుత్వాలకు చెడినాక, ఆ బట్టలు భూమార్గాన రాకుండా, నవా షేవా, కలకత్తా ఓడరేవుల ద్వారానే రావాలని మన ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. ఆ రోజు మనలో కొందరు సంతోషపడ్డారు.

వాళ్ళకు మేము ఒక తేదీ గుర్తుచేస్తాం. 2013 ఏప్రిల్ 24. ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా బట్టల కార్మికులు చనిపోయారు. ముందురోజే గోడలు పగిలాయని తెలిసి కూడా లోపలికి తోలారు. పగారు కోస్తామన్న భయంతో పోయారు. ఆ పగారే మన పగారును కిందికి లాగుతోంది. లాగేది ఆ అక్కచెల్లెళ్ళు కాదు, వాళ్ళను అంత తక్కువకు పనిచేయించేవాళ్ళు. 1931లో గాంధీగారు లాంకషైర్ మిల్లు ఊళ్ళకు పోయారు. మన విదేశీ వస్త్ర బహిష్కారంతో పని పోయిన కార్మికులే ఆయనను ఆదరంగా చూశారు. తమ కష్టానికి మూలం ఇక్కడి పేదలు కాదని వాళ్ళు గ్రహించారు. ఆ గ్రహింపు మనకూ ఉండాలి.

మేము అడిగేవి

అందుకని ఈ సభ ముందు నాలుగు మాటలు పెడుతున్నాం.

ఒకటి. ఏ సహాయం కావాలో పుచ్చుకునేవాడే చెప్పాలి. మనకు వెస్ట్‌లాండ్ వద్దనిపించినట్టు వాళ్ళకూ కొన్ని వద్దనిపిస్తాయి. తినే గింజ కంటే నాటే గింజకు, పని నేర్పడానికి ఎక్కువ పెట్టాలి.

రెండు. అప్పులిచ్చిన ప్రతి పని లెక్క పార్లమెంటు ముందు, ప్రజల ముందు ఉండాలి. ఏ కంపెనీకి ఆర్డరు దొరికింది, ఎంతకు, పని పూర్తయిందా, యంత్రం తిరుగుతోందా, విడిభాగాలు అందుతున్నాయా అన్నది తెలియాలి.

మూడు. మాటిస్తే నిలబెట్టుకోవాలి. ప్రభుత్వాల మధ్య గొడవ వచ్చిందని మధ్యలో వదిలేయకూడదు. జాన్సన్ ఓడలను నెలనెలా బిగపట్టినట్టు మనం ఎవరి నోటి దగ్గరి కూడునూ బిగపట్టకూడదు.

నాలుగు. ఇది ముఖ్యమైనది. షరతులు పెట్టవద్దని చెప్పే మనమే కార్మిక చట్టాల షరతు పెట్టమంటే రెండు నాలుకలు కాదా అని అడుగుతారు. కాదు. ఆ షరతు మనం వాళ్ళ ప్రభుత్వానికి పెట్టడం లేదు, మన కంపెనీలకు పెడుతున్నాం. మన పన్నుల డబ్బు పూచీతో అక్కడ పనిచేసే మన కంపెనీ అక్కడి చట్టం ప్రకారం పగారు ఇవ్వాలి, ప్రమాదాలకు పరిహారం ఇవ్వాలి, సంఘం పెట్టుకునే హక్కును అడ్డుకోకూడదు. మన కంపెనీకి ఇక్కడ ఏ మాట చెబుతామో అక్కడా అదే చెబుతాం.

గేటు దగ్గర అడిగిన ఆ సోదరుడు ఈ సభలో ఉన్నాడు. అన్నా, నీ ప్రశ్న మమ్మల్ని ఇంత దూరం నడిపించింది. మన పని పోవడానికీ, పక్క దేశానికి పోయే ఆ 11 పైసలకూ సంబంధం లేదు. కానీ ఆ పైసలు నీవి కూడా. అవి ఎవరి చేతికి పోతున్నాయో అడిగే హక్కు నీకుంది. ఎర్ర గోధుమల రొట్టె తిన్న ఇంటి బిడ్డవి కాబట్టి, పెట్టే చేయి ఎలా ఉండాలో చెప్పే అర్హత కూడా నీకుంది.

రెండో పాళీకి టైమయింది. మిగిలిన చర్చ ఖాతాల్లో, చాయ్ దగ్గర, ఇళ్ళల్లో జరగాలి. ఒప్పుకోనివాళ్ళు రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం.